ముప్పై ఎనిమిదో రిఫరెన్సు

గంగాప్రసాద్‌కు ముందు చెయ్యి లేస్తుంది, నోరు తర్వాత లేస్తుంది. జెబెల్ అలీలోని మా క్యాంపులో వాడి చేత దెబ్బ తిననివాడు ఉన్నాడంటే వాడు నిన్నో మొన్నో దిగినవాడై ఉండాలి. మెట్‌పల్లి పక్క పల్లె వాడిది. లైబ్రరీ సైన్సులో పీజీ చేశాడు. ఆ చదువుకు మన దగ్గర ఉద్యోగం దొరక్క, ఇనుప పైపుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా దుబాయ్ వచ్చాడు. అదే ఫ్యాక్టరీలో నేను ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. నా పేరు హన్మాండ్లు. ఒకే గది మాది, వాడిది పై మంచం, నాది కింది మంచం.

వాడి కోపానికి ఒక పద్ధతుంది. ఎవరైనా ఏదైనా అంటే చాలు, "ఎవడన్నడు? ఎప్పుడన్నడు? ఏడ రాసున్నది?" అని పట్టుకునేవాడు. జవాబు రాకపోతే చెంప పగిలేది. 2020లో మా పక్క గది షావలికి కరోనా వచ్చిందని పుకారు లేచింది. అతన్ని మంచంతో సహా బయటికి ఈడ్చి, వైపరు కట్టెలతో బాదారు. తల పగిలి రక్తం కళ్లలోకి కారుతున్నా ఆపలేదు. గంగాప్రసాద్ మధ్యలో దూరి నాలుగు దెబ్బలు తాను తిని, షావలిని లోపలికి లాగాడు. తెల్లారి గది గదికీ తిరిగాడు. నీకెవడు చెప్పాడు, వాడికెవడు చెప్పాడని ఆరు నోళ్లు దాటి మెస్సులో వంటవాడి దగ్గర తేలాడు. షావలి తుమ్మాడట, వంటవాడు విన్నాడట, అంతే కథ. ఆ వంటవాడి ముక్కు ఎముక విరిగింది. ఆ రోజు నాకు గంగాప్రసాద్ మీద గౌరవం పుట్టింది. ఇప్పుడు చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

2022 అక్టోబర్ పద్నాలుగున ప్రెస్ మిషను మల్లేశ్ కుడిచేతి నాలుగు వేళ్లు కోసేసింది. మల్లేశ్ కూడా మా గదివాడే, మా ఇద్దరికంటే చిన్నవాడు. నేను ఫోర్క్‌లిఫ్ట్ వదిలేసి పరిగెత్తేసరికి వాడు నిలబడే ఉన్నాడు. అరవలేదు, నెత్తురు కారుతున్న చెయ్యి వంక చూస్తున్నాడు. తెగిన గ్లోవ్‌లోంచి వేళ్లు ఏరి ఐస్ డబ్బాలో పెట్టింది గంగాప్రసాదే. అవి అతకలేదు.

ఆ మిషనుకు చెయ్యి లోపలికి పోకుండా ఒక ఇనుప జాలీ ఉంటుంది. మల్లేశే ఆ జాలీ తీసేసి చెయ్యి పెట్టాడని కంపెనీ అంది. ఆ మిషను మీద తనకదే మొదటి రోజు, తానొచ్చేసరికే జాలీ లేదని మల్లేశ్ మొత్తుకున్నాడు. అందుకు ఫోర్మన్, కట్టుతో ఉన్న మనిషిని అందరి ముందూ చెంప మీద కొట్టాడు. "నువ్వే తీసినవ్, మళ్ల మాకు చెప్తున్నవా?" అన్నాడు. లేబర్ ఆఫీసులో కేసు పెడితే కంపెనీ ఒక యాక్సిడెంట్ రిపోర్టు తెచ్చి చూపించింది. అందులోనూ అదే మాట. ఇక ఒక్క వాయిదా మిగిలింది. అక్కడా అదే తేలితే, తన చెయ్యి తానే పోగొట్టుకున్నాడని రాసి మల్లేశ్‌ను ఇంటికి పంపేస్తారు.

ఇలా ఉండగా మా ముదీర్‌కు చదువు మీద ప్రేమ పుట్టింది. ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు. మనవాడే, తెనాలి వైపు మనిషి. పేరు రాయను, రాస్తే నా వీసాకు ఎసరు. ఆన్‌లైన్‌లో ఎంబీయే చేస్తూ ప్రాజెక్టు రాశాడు, అదీ ఫ్యాక్టరీల్లో కార్మికుల భద్రత మీద! చివర్లో రిఫరెన్స్ లిస్టు పద్ధతిగా లేదని యూనివర్సిటీ వాళ్లు తిప్పి పంపారు. లైబ్రరీ చదువు చదివినవాడు స్టోర్‌లో ఉన్నాడుగా అని గంగాప్రసాద్‌ను పిలిచి కూర్చోబెట్టాడు.

మొత్తం అరవై ఒక్క రిఫరెన్సులు. రాసినవారి ఇంటిపేరు ముందు, బ్రాకెట్లో సంవత్సరం, తర్వాత వాలు అక్షరాల్లో పుస్తకం పేరు, ఆ పైన అచ్చువేసినవారు. వాడికి ఇది మంచినీళ్లు తాగినంత సులువు. కానీ ప్రతిదీ తెరిచి కళ్లతో చూడందే కామా కూడా పెట్టడు. అందులో నాలుగు పుస్తకాలు అసలు లోకంలోనే లేవని తేల్చాడు, కంప్యూటరు అల్లి ఇచ్చినవట. ముప్పై ఎనిమిదోది మా కంపెనీ యాక్సిడెంట్ రిపోర్టు, మల్లేశ్‌దే. ముదీర్ దానికి 2022 అని వేశాడు. గంగాప్రసాద్ ఫైలు తెరిచాడు. తేదీ 2022 అక్టోబరే. కానీ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఆ ఫారం ఎప్పుడు అచ్చయిందో ఉంది. 2023 మార్చి. అంటే వేళ్లు తెగిన ఐదు నెలలకు పుట్టిన కాగితం మీద పాత తేదీ వేసి రిపోర్టు రాశారన్నమాట. వాడు దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, లిస్టులో 2023 అని కొట్టాడు.

మర్నాడు డెలివరీ నోట్ మీద సంతకం కోసం వెళ్లి, నేను ముదీర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, లోపల గంగాప్రసాద్ ఉన్నాడు.

"ఏంట్రా ఇది? ఇరవై మూడని కొట్టావేంటి? ఇరవై రెండు చెయ్," అన్నాడు ముదీర్.

"ఫారం అచ్చయిందే ఇరవై మూడు మార్చిల సార్. దాంట్ల రాసింది ఇరవై రెండుది ఎట్లైతది?"

"నిన్ను కామాలు పెట్టమన్నాను. పెట్టి పో."

"కామా పెట్టాలన్నా సూసినంకనే పెడ్త సార్. మాకు గట్లనే నేర్పిన్రు."

ముదీర్ బల్ల మీద కాగితాలకు బొక్కలు కొట్టే ఇనుప పంచింగ్ మిషను తీసి మొహాన విసిరాడు. గంగాప్రసాద్ కనుబొమ చీలింది. రెండో దెబ్బకు ముదీర్ చెయ్యెత్తేలోపే వాడు ఆ మెడలోని ఐడీ కార్డు రిబ్బను పట్టుకుని లాగి, తలను బల్లకేసి కొట్టాడు. బల్ల మీది అద్దం పగిలింది, ముదీర్ ముందు పన్ను ఊడి కీబోర్డు మీద పడింది. ఫోర్మన్, ఇద్దరు వాచ్‌మెన్లు వచ్చి గంగాప్రసాద్‌ను కింద పడేసి సేఫ్టీ బూట్లతో డొక్కలో తన్నారు. ఆపబోయిన నా భుజం మెలిపెట్టారు.

"ఖలాస్! నీ వీసా ఖలాస్!" అని నెత్తురు ఉమ్ముతూ ముదీర్ అరిచాడు. పోలీసుల దగ్గరికి మాత్రం పోలేదు. పోతే ఆ కాగితం సంగతి బయటికొస్తుంది.

గంగాప్రసాద్ కనుబొమకు ఐదు కుట్లు పడ్డాయి, రెండు పక్కటెముకలు చిట్లాయి. గదిలో మల్లేశ్ వాణ్ని చూసి ఏడ్చాడు. "నా కోసం గిన్ని దెబ్బలు తిన్నవా అన్నా," అని కాళ్లు పట్టుకోబోయాడు. గంగాప్రసాద్ నిప్పు తగిలినట్టు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. నొప్పికేమో అనుకున్నాను.

మూడో రోజు వాయిదా. మేం ముగ్గురం లేబర్ ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరు ఫోటో చూసి, ఫారం తేదీ చూసి, కంపెనీ మనిషిని అడిగాడు. ఆయన ఫైలు అటూ ఇటూ తిరగేశాడు. ఆ రిపోర్టు చెల్లదన్నాడు ఆఫీసరు. నాకు ఈల వేయాలనిపించింది. అప్పుడాయన మళ్లీ అడిగాడు, సరే, మరి ఆ జాలీ ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? మల్లేశ్ తల దించుకున్నాడు.

"నాకెర్క," అన్నాడు గంగాప్రసాద్.

ఫోన్లో ఇంకో ఫోటో తెరిచి బల్ల మీద పెట్టాడు. స్టోర్ రిజిస్టరు పేజీ అది. పని తొందరగా సాగాలని ఫోర్మన్ జాలీ విప్పించి స్టోర్‌కు పంపినట్టు అందులో ఉంది, తేదీ అక్టోబర్ ఐదు. వేళ్లు తెగడానికి తొమ్మిది రోజుల ముందు. ఇది రాసిందెవరని ఆఫీసరు అడిగితే, నేనేనన్నాడు. పక్కనే సంతకం ఉంది, గంగాప్రసాద్ అని, పొందికగా.

తప్పు కంపెనీదేనని ఆఫీసరు రాసుకున్నాడు. మల్లేశ్ గెలిచాడు. కానీ వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. బయట మెట్ల దగ్గర ఆగాడు.

"గా జాలీ నీ స్టోర్ల ఉన్నదని ఎప్పటికెల్లి ఎర్క?"

"మొదటి దినంకెల్లి."

"మరెందుకు చెప్పలే?"

"ఫోర్మన్ చెప్పొద్దన్నడు. నౌకరి పోతదని ఊకున్న."

మల్లేశ్ కుడిచేత్తోనే కొట్టాడు. పిడికిలి లేదు, బొటనవేలూ మొండి అరచెయ్యే. కుట్ల మీద పడింది, అవి తెగాయి. మళ్లీ కొట్టాడు, మళ్లీ. ముదీర్ పన్ను రాలగొట్టిన మనిషి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను మల్లేశ్‌ను పట్టుకోబోతే, "వద్దన్నా, కొట్టనియ్," అన్నాడు గంగాప్రసాద్. మోకాళ్ల మీద కూలాక కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కొట్టీ కొట్టీ మల్లేశ్ చేతి పాత గాయం చిట్లింది. అప్పుడు ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

"అందరు గదే అంటుంటే, నేనే తీసిన్నేమో అనుకున్న గదరా," అన్నాడు మల్లేశ్. "నా తప్పేనని మా అవ్వకు గూడ ఫోన్ల చెప్పిన."