జుబేదా ఖాలా చీకటి సంచి

పక్కింట్లో ఎవరో ఉల్లిగడ్డలు సన్నగా తరిగి సిర్కాలో, అదే వెనిగర్‌లో, వేసినట్టున్నారు. ఆ పుల్లటి ఘాటు గోడ దాటి నా కుట్టుమిషన్ దాకా వచ్చింది. ఆ వాసనకు ఎవరికైనా నోరూరుతుంది, కబాబులు గుర్తొస్తాయి. నాకు మాత్రం అరచేతులు చెమర్చాయి. సూది కింద ఉన్న జాకెట్టును అలాగే వదిలి, చేతులు పమిటకు తుడుచుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. చీకట్లో ఫిల్ము పట్టుకునే చెయ్యి పొడిగా ఉండాలని నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చింది. జుబేదా ఖాలా. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూపిద్దామన్నా ఆమె ఫోటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

నాకు చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి. బడిలో పడిపోతున్నానని పంపేశారు. అప్పటి నుంచి మా అమ్మే నాకు బడి. పొద్దున ప్రార్థన అయ్యాక వంటింటి గడప మీద పలక పట్టుకుని కూర్చునేదాన్ని. అమ్మ గరిటె తిప్పుతూనే ఎక్కాలు అప్పజెప్పించుకునేది. చదవడం, రాయడం, కుట్టడం అన్నీ దేవుని దయవల్ల ఆ గడప మీదే వచ్చాయి. మందులతో మూర్ఛలు తగ్గిపోయి ఏళ్ళు గడిచినా ఇంట్లో ఒక అలవాటు మాత్రం మిగిలిపోయింది. పగిలే వస్తువు ఏదీ నా చేతికిచ్చేవాళ్ళు కాదు. గాజు గ్లాసైనా, పక్కింటివాళ్ళ పసిబిడ్డైనా, "నువ్వు కూసో కరుణా, నేను తెస్త" అని అమ్మే లేచేది. అదంతా ప్రేమే, అందులో నాకు సందేహం లేదు. కానీ ముప్పై దాటేసరికి నా చేతుల మీద నాకే నమ్మకం లేకుండా పోయింది. గుడ్డ తప్ప ఏది పట్టుకున్నా పడేస్తానన్న భయం.

కిషన్‌బాగ్‌లో మా వెనక గల్లీలోనే ఖాలా ఇల్లు. ఖాలా అంటే పిన్ని, చుట్టరికం లేకపోయినా అలాగే పిలిచేదాన్ని. ఒకరోజు రెండు పాత బురఖాలు పట్టుకుని వచ్చింది. ఒకదానిలో ఇంకొకటి పెట్టి కుట్టాలంది. మెడ పూర్తిగా మూసెయ్యాలి, కింద అంచుకు బొందు పెట్టాలి, చేతులకు మణికట్టు దగ్గర గట్టి ఎలాస్టిక్ వెయ్యాలి. నేను కొలతలు రాసుకుంటూ ఆగిపోయాను.

"మెడ మూస్తే గీంట్ల మనిషెట్ల దూరాలె ఖాలా?"

"మనిషి గాదు బేటీ. చీకటి దూరుతది."

అప్పుడు చెప్పింది. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు ఫోటోలు తీసేదట. పర్దాలో ఉండే ఆడవాళ్ళ ముఖం పరాయి మగవాడు చూడకూడదు కాబట్టి ఫిల్ము బయట దుకాణంలో ఇచ్చేది కాదు, ఇంట్లోనే కడిగేది. వెలుతురు సోకని సంచిలో చేతులు పెట్టి, కెమెరాలోని ఫిల్మును డబ్బాలోకి ఎక్కించాలి. ఆ సంచే నేను కుట్టబోయేది. ఫోన్లు వచ్చాక పిలిచేవాళ్ళు తగ్గారు. ఆ తర్వాత చేతులకు వణుకు వచ్చింది. పెద్ద కెమెరా అమ్మేసింది. మిగిలింది పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ కెమెరా ఒకటి. కటకం కూడా ప్లాస్టిక్కే, వెనక తలుపు ఊడిపోకుండా రబ్బరుబ్యాండు వేసి ఉంటుంది. సంచి ఇవ్వడానికి వెళ్ళినరోజు దాన్ని నా ఒళ్ళో పెట్టింది.

"వద్దు ఖాలా, నేను పడేస్త."

"పడేయ్! నా మనుమరాలు మెట్ల మీదకెళ్ళి దొర్లించింది, ఏం గాలే. నువ్వేం జేస్తవ్ దీన్ని?"

పడేసినా ఫరవాలేదని ఒక వస్తువును నా చేతికివ్వడం నా జీవితంలో అదే మొదలు.

ఆ వారమంతా మిద్దె మీదే ఉన్నాను. నీళ్ళ ట్యాంకరు ముందు బిందెల వరస, తీగ మీద బట్టలు, పావురాలు, బియ్యం ఏరుతున్న అమ్మ, ఏది కనిపిస్తే అది నొక్కేశాను. ఖాలా ఇంట్లో ఫిల్ము కడిగి చూస్తే సగం బొమ్మలు మసక, అంచులన్నీ నల్లగా ముసిరిన మబ్బులు. ఒకచోట ఫిల్మును ముందుకు జరిపే చక్రం తిప్పడం మర్చిపోయి, ఒకే గడిలో రెండుసార్లు తీశాను. ఖాలా దాన్ని కిటికీకి ఎత్తి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అరె వా! మీ అమ్మ నెత్తిలకెళ్ళి మునగచెట్టు మొలిచింది. కాయలు గూడ కాసినయ్!"

నేనూ నవ్వాను. తప్పు చేసినందుకు ఎవరైనా నవ్వితే నేను కూడా కలిసి నవ్వడం అంతకుముందు ఎరగను. ఆ ఆటబొమ్మ ఎప్పుడు ఏం ఇస్తుందో తెలియదు. ఎదురుచూడాలి, ఏది వస్తే అది తీసుకోవాలి. ప్రార్థనలో కూర్చున్నట్టే ఉండేది నాకు. ఖాలా పాడైన ఫిల్ము ముక్క ఒకటి ఇచ్చి, కళ్ళు మూసుకుని దాన్ని, కడిగే డబ్బాలో పట్టే ప్లాస్టిక్ చుట్టకు ఎక్కించడం నేర్పింది. "కండ్లు తెర్వకు. అంచు ఎటుపోతుందో నీ వేలికే తెలుస్తది" అనేది. ఇంకొక నియమం కూడా నేర్పింది. ఎవరి ముఖం తీస్తే ఆ నెగటివ్ ముక్క కోసి వాళ్ళ చేతిలోనే పెట్టాలి. "ఫోన్ల పడ్డ మొఖం ఎన్ని చేతులు తిరుగుతదో అల్లాకే ఎరుక. మొఖం ఆమెది, పట్టీ ఆమెది. మనకాడ ఉండొద్దు."

ఆ ఎండాకాలంలోనే సుల్తానా ఆపా వచ్చింది. ఖాలాకు ఆడబిడ్డ, వయసులో పెద్ద కాబట్టి అందరికీ ఆపా, అంటే అక్క. జర్దాపాన్ నమిలీ నమిలీ దవడలో పుండు పడింది. మర్నాడు ఆపరేషన్. ఎడమవైపు ఎముక తీసేస్తారు, ముఖం మారిపోతుందని డాక్టరు ముందే చెప్పేశాడు. సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక కొడుకు ఆటో తెచ్చి ఆసుపత్రికి తీసుకుపోతాడు. ఆపా వచ్చి తఖ్తు బల్ల మీద కూర్చుంది.

"నా మొఖం నాకు గావాలె. ఫోన్ల నక్కో, వద్దు. నువ్వు తియ్యి జుబేదా. చూడకుండ నేను ఆటో ఎక్క."

ఖాలా రెండు చేతులూ చాపింది. వాటి గాజులు వాటంతటవే మోగుతున్నాయి. "నా చేతులు జూడు ఆపా. ఈ పిల్ల తీస్తది" అంది నన్ను చూపించి.

ఆపా కళ్ళకు సుర్మా పెట్టుకుంది. కొంగుతో ముక్కుపుల్ల తుడుచుకుని వాకిలి వెలుతురుకు ముఖం తిప్పింది. "నవ్వాల్నా?"

"మీ ఇష్టం ఆపా."

"నవ్వుత. రేపటికెళ్ళి గీ పక్క నవ్వు ఉండదంట గద."

నాలుగైదు నొక్కానో లేదో చక్రం బిగుసుకుంది. ఇంకాస్త తిప్పితే లోపల టక్‌మని ఏదో శబ్దం. తర్వాత చక్రం ఊరికే తిరగసాగింది. ఫిల్ము తెగింది. వెనక్కి చుట్టడానికి రాదు. తీసిన బొమ్మలన్నీ కెమెరాలోనే విప్పారి ఉన్నాయి, వెలుతురులో తలుపు తెరిస్తే క్షణంలో కాలిపోతాయి. ఇంట్లో ఇంకొక ఫిల్ము లేదు. చార్మినార్ దాకా వెళ్ళి తెచ్చేంత వ్యవధి లేదు.

"నువ్వే తియ్యాలె బేటీ," అంది ఖాలా. "సంచి తే."

కెమెరా, చుట్ట, డబ్బా, మూత అన్నీ సంచిలో పెట్టి బొందు బిగించాం. బురఖా చేతుల్లో నా చేతులు దూర్చాను. రబ్బరుబ్యాండు తీశాను. తలుపు తెరవగానే ఫిల్ము ప్రాణమున్నదానిలా ఎగిరి వేళ్ళకు చుట్టుకుంది. తెగిన కొన దొరికింది. రెండోకొస మాత్రం కెమెరా లోపలి రీలుకే అతుక్కుని ఉంది. కోయాలి. అప్పుడు కిటికీ వైపు చూశాను. ఎప్పుడూ మొదట లోపల పెట్టే కత్తెర ఆ హడావుడిలో కిటికీ మీదే ఉండిపోయింది.

చిన్నప్పుడు మూర్ఛకు ముందు ముక్కుకు తగిలే తుప్పు వాసన మళ్ళీ వచ్చినట్టయింది. నిజంగా వచ్చిందో, భయమే అలా అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. ఇప్పుడు పడిపోతే చేతులు సంచిలోంచి ఊడొస్తాయి. ఆపా ముఖం పోతుంది. యేసయ్యా, ఇప్పుడు కాదు, ఇప్పుడొక్కటి కాదు అనుకున్నాను.

"ఏమైంది?" అంది ఖాలా.

"కత్తెర... బయటున్నది."

తఖ్తు మీది నుంచి ఆపా అంది, "గాయింత దానికేంది లొల్లి? పండ్లతోని కొరుకు!"

"నోరు సంచి లోపల లేదు ఆపా," అన్నాను.

ఖాలా కత్తెర తీసుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది. "కదలకు. ఎడమ చేతి పక్కకెళ్ళి నేనొస్తున్న."

ఆపాతో మా చేతుల మీద దుప్పటి కప్పించి, నా చెయ్యి ఉన్న ఆ బురఖా చేతిలోకే తన చెయ్యి కూడా దూర్చింది. ఎలాస్టిక్ పటపటమంది. గాజుల చప్పుడు నా మోచేతి మీదుగా చీకట్లోకి దిగివచ్చింది. నాకు గుచ్చుకోకుండా కత్తెర మొనను తన అరచేతిలోకి తిప్పి పట్టుకుని, పిడి నా వేళ్ళకు అందించింది. తర్వాత తడుముకుని ఫిల్ము కొస పట్టుకుంది.

"నేను పట్టుకుంట, నువ్వు కొయ్యి."

"నీ చెయ్యి వణుకుతున్నది ఖాలా."

"వణికితే వణకనీ. వదలదు గద."

కోశాను. ఆ వణుకు నా మణికట్టుకు తగులుతుంటే నా వణుకు ఎటుపోయిందో తెలియదు. నేర్పినట్టే కళ్ళు మూసుకుని అంచు వెతుక్కున్నాను, చుట్టకు ఎక్కించాను, డబ్బాలో వేసి మూత బిగించాను. చేతులు బయటికి తీశాక చూస్తే గోళ్ళ కింద రక్తం లేనట్టు తెల్లగా ఉన్నాయి.

మందు పోసి డబ్బా ఊపుతుంటే ఖాలా తస్బీ పూసలు తిప్పింది, నేను మా చర్చిలో పాడే పాట మనసులో పాడుకున్నాను. నిమిషాల లెక్కకు గడియారం కంటే మాకు వాటి మీదే గురి. తర్వాత సిర్కా నీళ్ళు. ఆ ఘాటుకు కళ్ళు మండాయి. ఆ తర్వాత బొమ్మ చెరగకుండా నిలిపే హైపో, మంచినీళ్ళు. పట్టీ పైకి తీసి కిటికీకి ఎత్తాం. ఒకదాని మీద ఒకటి పడి రెండు పోయాయి. రెండింటిలో ముఖం కదిలింది. ఒక్కటి నిలిచింది.

ఆరీ ఆరని ఆ ముక్కను స్నానాలగదిలో ఎర్రబల్బు కింద కాగితానికి ఆనించి ముద్ర వేశాం. తపాలాబిళ్ళంత ఫోటో. ఆపా దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా ముక్కు గింత పెద్దగుందని ఇన్నేండ్లు ఒక్కరన్న చెప్పిన్రా?" అని నవ్వింది, ఎడమవైపు కూడా. తర్వాత ఫోటో అంచున వాలుగా పడిన తెల్లని చారను గోటితో చూపించింది. "గీ తెల్లగీత ఏంది?"

"అది నా చెయ్యి వచ్చిన తొవ్వ," అంది ఖాలా.

ఎంత దుప్పటి కప్పినా ఆమె చేతితోపాటు కాస్త వెలుతురు కూడా లోపలికి వచ్చిందన్నమాట. బయట ఆటో హారను మోగింది. ఇక తినకూడని పాన్ కోసం తెచ్చుకున్న పాన్‌దాన్ డబ్బాలోంచి ఆకులు, సున్నం, వక్కలు ఖాలా చేతిలో కుమ్మరించి, తుడిచి, ఫోటోనూ నెగటివ్‌నూ అందులో పెట్టుకుని ఆపా ఆటో ఎక్కింది.

దేవునికి స్తోత్రం, ఆపా బతికింది. దవడ ఒక పక్కకు లోపలికి పోయింది, మాట ముద్దగా వస్తుంది. ఇంటికి ఎవరైనా ఆడవాళ్ళు వస్తే ఇప్పటికీ పాన్‌దాన్ మూత తీసి చూపిస్తుంది. ఖాలా పోయిన చలికాలం కన్నుమూసింది. అంతకు కొన్నాళ్ళ ముందు తన ఫోటో కూడా తియ్యమంది. తీశాను, కడిగాను, పట్టీ కోసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వెళ్ళిపోయాక అది ఎక్కడుందో నేను అడగలేదు. ముఖం ఆమెది.

ఆ కెమెరా, ఆ సంచి నా దగ్గరే ఉన్నాయి. గల్లీలో ఆడపిల్లలు ఆదివారం పూట మిద్దె మీదికి వస్తారు, ఆ ఆటబొమ్మతో ఆడుకుంటారు. ఎవరైనా "నేను పడేస్తనేమో అక్కా" అంటే "పడేయ్" అంటాను. అమ్మ కింద నుంచి వింటూనే ఉంటుంది. ఈ మధ్య గాజు గ్లాసులో చాయ్ పోసి నా చేతికే ఇస్తోంది.

సంచికి ఎడమవైపు ఎలాస్టిక్ ఆరోజే వదులైపోయింది. రోజంతా మిషన్ ముందు కూర్చునే మనిషిని, మార్చాలంటే నిమిషం పని. మార్చలేదు. అక్కడ చున్నీ గట్టిగా చుట్టి పని కానిస్తాను. ఎంత చుట్టినా ఒక్కోసారి బొమ్మ అంచున తెల్లని చార పడుతుంది. పిల్లలు అదేమిటని అడిగితే ఆటకెమెరా కదా, అంతే అంటాను. వాళ్ళు వెళ్ళాక ఆ చారను వెలుతురుకు పట్టుకుని ఇంకోసారి చూస్తాను.