వాగు ఒడ్డున మళ్లీ వండుకున్నాం

ఇప్పటి పిల్లలు తమను తాము క్వియర్ అని చెప్పుకుంటుంటే నాకు ముచ్చటేస్తుంది. మా రోజుల్లో మా గురించి చెప్పుకోవడానికి మర్యాదైన మాట ఒక్కటీ లేదు. తెలుగులో తిట్లుండేవి. మరాఠీలో ఇంకా ఘాటైన తిట్లుండేవి. చంద్రపూర్‌లో పుట్టి పెరిగిన వాళ్లకు రెండూ వచ్చు కాబట్టి మాకు రెండు భాషల్లోనూ పడేవి.

నేను బొగ్గు గనుల ఆఫీసులో టైపిస్టుగా పనిచేసేవాణ్ణి. ఇళ్ల మీద డిష్ గొడుగులు లేస్తున్న కాలం అది. సందుకొక ఎస్టీడీ బూత్ వెలిసింది. రాజురా వైపు కొత్త సిమెంటు ఫ్యాక్టరీలు వస్తున్నాయి. దేశం తలుపులు తెరుచుకుంటోందని పేపర్లు రాసేవి. మగవాణ్ణి ఇష్టపడే మగవాడికి మాత్రం చీకటి పడ్డాక పార్కులో ఒక బెంచీ, అంతే. అక్కడికి వచ్చేవాళ్లం ఒకరి ముఖం ఒకరం సరిగ్గా చూసుకునేవాళ్లం కూడా కాదు.

ఒక సాయంత్రం అక్కడి వాచ్‌మన్ కర్ర పట్టుకుని మీదికొచ్చాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన భుజం మీద దెబ్బ పడింది. ఇద్దరం పరుగెత్తి బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూలబడ్డాం. ఆయన ఒక మరాఠీ బడిలో డ్రాయింగ్ మాస్టారు. చాయ్ తాగకుండా గ్లాసు పట్టుకుని తల వంచుకున్నాడు. ఏడుస్తాడేమోననుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి మరాఠీలో గట్టిగా, పక్క బల్ల వాళ్లకు వినబడేలాగే అన్నాడు: "ఇక నేను చీకట్లో ఎవరినీ కలవను. కలిస్తే పగలే కలుస్తా. ఎండలో."

ఊళ్లో పగలు కలవడానికి చోటేది? నా గదిలో కలుద్దామంటే ఇంటి ఓనర్ తలుపు సందులోంచి చూస్తాడు. హోటల్లో నాలుగు మాటలు మాట్లాడుకోలేం. అడవి అనే ఆలోచన నాదే. మా ఊరు విరూర్ స్టేషన్‌కు దగ్గర్లో ఉంటుంది. ఊరు దాటితే టేకు చెట్లు, వాటి మధ్య ఒక వాగు. చిన్నప్పుడు తునికి పండ్ల కోసం తిరిగిన చోటు. ఆదివారం ప్యాసింజర్ ఎక్కితే పొద్దున్నే దిగిపోవచ్చు.

మొదటిసారి నలుగురం బయల్దేరాం. నేను, మాస్టారు, ఆయనకు తెలిసిన ఇద్దరు ఆడవాళ్లు. వాళ్లలో ఒకామె గనుల ఆసుపత్రిలో నర్సు, తెలుగామె. రెండో ఆమె బ్లౌజులు కుట్టే మరాఠీ ఆమె. చాలా ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. వీధి వాళ్లకు అక్కాచెల్లెళ్లమని చెప్పారు. పోలికలు కలవకపోయినా వీధి నమ్మింది, లేదా నమ్మినట్టు ఊరుకుంది.

బల్లార్షా దాటాక మా పెట్టెలోకి ఒక హిజ్రా చప్పట్లు కొడుతూ వచ్చింది. నర్సు తెలుగు విని ఆగింది.

"ఎటు పోతున్నరు చెల్లే, గిన్ని గిన్నెలు సదురుకోని?"

"అడవికి. ఊకనే కూసుంటానికి."

"అడవిల ఏముంటది?"

"ఏముండదు. ఎవ్వలుండరు."

ఆమె కాసేపు మా నలుగురి ముఖాలూ చూసింది. ఏం అర్థమైందో ఏమో, నర్సు పక్కన జాగా చేసుకుని కూర్చుంది. "అట్లయితే నేనూ వస్త," అంది. ఆ రోజు నుంచి ఆమె మాకు అక్క.

వాగు దగ్గర మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. చెప్పులు విప్పి నడవమన్నారు మాస్టారు. నడిచాం. మాట్లాడకుండా కాసేపు ఉండమన్నారు. అదొక్కటీ అక్క వల్ల కాలేదు. రాలిన ఆకుల్లోంచి తలా ఒకటి తీసుకుని దాని ఈనెలు చూస్తూ బొమ్మ వేయమంటే టైలరమ్మ వేసిన బొమ్మకే అందరం చప్పట్లు కొట్టాం. చంద్రపూర్‌లో ఆరేసిన చొక్కా మీద కూడా బొగ్గు నుసి పడుతుంది. ఇక్కడ ముక్కులోకి పోయే గాలిలో తడిమట్టి వాసన. నర్సూ టైలరమ్మా నీళ్లలో కాళ్లు పెట్టి, చేతులు పట్టుకుని కూర్చున్నారు. అంత ఎండలో ఇద్దరు ఆడవాళ్లు అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. అక్క ఒక ఇప్పచెట్టు మొదట్లో కొంగు పరుచుకుని పడుకుంది. నడుముకు కట్టుకున్న సంచీ విప్పి పక్కన పడేసి గురక పెట్టి నిద్రపోయింది. రైళ్లలో, ప్లాట్‌ఫారాల మీద ఆ సంచీని పట్టుకునే పడుకుంటానని లేచాక చెప్పింది.

తర్వాత నెలకోసారి పోవడం అలవాటైంది. మోదుగలు ఎర్రబడ్డప్పుడు పోయాం, వానల్లో జలగలు పట్టినా పోయాం. మాజ్రి నుంచి ఒకరు, పద్మాపూర్ గని నుంచి ఒకరు అప్పుడప్పుడు వచ్చేవారు. ఊరి కంట పడకుండా స్టేషన్ వెనక నుంచి అడవి దారి పట్టేవాళ్లం. ఊళ్లో మా అన్న ఉన్నాడు. అమ్మానాన్నా పోయాక ఇంటికి పెద్ద ఆయనే, ఊళ్లో కూడా ఆయన మాటకు విలువుంది.

చలికాలంలో ఒక ఆదివారం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా అన్న వచ్చాడు. పశువులు కాసేవాళ్లు చెప్పారట. వెంట ఇద్దరు మనుషులున్నారు. అన్న ముందు అక్కను చూశాడు, తర్వాత నన్ను.

"ఏందిరా గిది? ఎవలు వీళ్లంత?"

"నా దోస్తులన్నా."

"గీ మనిషి మన వాగుల కాళ్లు పెడ్తదా? మన ఆడోళ్లు గీ నీళ్లే మోస్తరు. ముందుగాల దాన్ని ఎల్లగొట్టు. చంద్రపూర్‌ల నువ్వేం ఏశాలేస్తవో నాకు ఎర్కనే. గవి గీడికి తేకు."

అక్క అప్పటికే లేచి సంచీ నడుముకు కట్టుకుంటోంది. ముఖంలో కోపం కూడా లేదు. "పోదాం పా తమ్మీ. నాకేం కొత్తనా," అంది.

ఆమె అంత మామూలుగా లేవడం చూసి నాకు ఒళ్లు మండింది. అన్న ముందు ఏనాడూ గొంతెత్తని వాణ్ణి.

"కూసో అక్కా," అన్నాను. "అన్నం గాలే ఇంకా." అన్న వైపు తిరిగాను. "గీ వాగు నీదెట్లయితదన్నా? మేం పోం. తిన్నంకనే పోతం."

అన్న ఒక్క తన్ను తన్నాడు. గిన్నె దొర్లి సగం ఉడికిన అన్నం ఇసుకలో పడింది. రాళ్లు చెదిరిపోయి, నిప్పులు తడిలో చుయ్యిమన్నాయి.

ముందు లేచింది నర్సు. గిన్నె తీసుకుని వాగులోకి దిగి, ఇసుకతో తోమి, కడిగి తెచ్చింది. టైలరమ్మ సంచీలో ఇంకా బియ్యం ఉన్నాయి. ఆమె ఎప్పుడూ కావలసిన దానికన్నా ఎక్కువే తెచ్చేది. చాటలో పోసి, అన్న అక్కడ లేనట్టే, రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. మాస్టారు పుల్లల కోసం వెళ్లారు. చుట్టూ తిరిగి పోవచ్చు, కానీ ఆయన అన్నకూ ఆ ఇద్దరికీ మధ్య నుంచే నడిచి వెళ్లారు, మళ్లీ అటే వచ్చారు. నేను చెదిరిన మూడు రాళ్లూ తెచ్చి మళ్లీ పొయ్యి పెట్టాను. అక్క నిలబడి అందరినీ చూసింది. సంచీ మళ్లీ విప్పేసింది, కింద కూర్చుని నిప్పు ఊదింది.

అన్న మళ్లీ రాజుకుంటున్న పొయ్యి వైపు చూశాడు.

"ఎన్నిసార్లు వండుతర్రా?"

"నువ్వు ఎన్నిసార్లు తంతే గన్నిసార్లు," అన్నాను.

వెంట వచ్చిన వాళ్లలో ఒకడు పశువులు చేలో పడ్డాయని చెప్పి జారుకున్నాడు. రెండోవాడు చెట్టుకు ఆనుకుని బీడీ ముట్టించాడు. అన్నం ఉడికింది. ఆకుల్లో పెట్టుకుని వాళ్ల కళ్ల ముందే తిన్నాం. నిదానంగా తిన్నాం. అన్న వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగాడు.

"ఇగ ఇంటి గడప తొక్కకు."

ఆయన అక్కడితో ఊరుకోలేదు. ఊరి రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఎస్టీడీ బూత్ నుంచి మా ఇంటి ఓనర్‌కు ఫోన్ చేశాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓనర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఆదివారాలు ఎక్కడికి పోతున్నవ్? నీ గురించి ఏందేందో ఇంటున్న."

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. వాగు దగ్గర అంత మాట అన్నాక ఇక్కడ దాచుకోవాలనిపించలేదు.

"అడవికి పోతున్న. నా అసొంటోళ్లతోని. మీరు ఇన్నది నిజమే."

గది ఖాళీ చేయమన్నాడు. చేశాను. నర్సూ టైలరమ్మా తమ ఇంటి వెనక గది ఇచ్చారు. ఆఫీసులో కూడా కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి. నేను బెంచీ మీద ఒంటరిగా టిఫిన్ తిన్నాను. ఉద్యోగం పోలేదు. పోతుందేమోనన్న భయం మాత్రం చాలాకాలం పోలేదు. అప్పట్లో చట్టం కూడా మమ్మల్ని నేరస్తులనే అనేది.

మరుసటి నెల పోదామా వద్దా అని ఎవరూ అడగలేదు. ఏ దారిన పోదామని అడిగింది అక్క. "దొంగల లెక్క ఎనక నుంచి ఎందుకు పోవాలె? రోడ్డున్నది గద," అంది. స్టేషన్ దిగి ఊరి నడుమ నుంచే నడిచాం. అక్క ఆకుపచ్చ చీర కట్టుకుంది, దానిమీదికి టైలరమ్మ కొత్త బ్లౌజు కుట్టింది. పిల్లలు వెంటపడ్డారు. అరుగుల మీది మగవాళ్లు మాటలు ఆపేశారు. ఒకడు చప్పట్లు కొట్టి వెక్కిరించాడు. అక్క ఆగి, వాడికన్నా గట్టిగా రెండు చప్పట్లు కొట్టి, "అట్ల గాదు బిడ్డా, చేతులు అడ్డంగ పెట్టి కొట్టాలె," అని చెప్పి ముందుకు నడిచింది. అరుగు మీద ఎవరో ఆపుకోలేక నవ్వారు.

మా ఇంటి ముందు వదిన వాకిలి ఊడుస్తోంది. లోపల మంచం మీద కూర్చున్న అన్న మమ్మల్ని చూసి గోడవైపు తిరిగాడు. గడప తొక్కొద్దన్నాడు కదా, నేను రోడ్డు మీదే ఆగాను. వదిన చీపురు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏం వండుకుంటరు ఇయ్యాల?" అంది చివరికి. నన్ను కాదు, నర్సును.

"వంకాయ కూర అక్కా."

వదిన పెరట్లోకి వెళ్లి పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కోసుకొచ్చి టైలరమ్మ సంచీలో వేసింది. లోపలి నుంచి అన్న దగ్గు వినిపించింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు పోయాం. నాగపూర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి ఎవరెవరో వచ్చేవారు. కొందరు ఒక్కసారి వచ్చి ఏడ్చి వెళ్లిపోయారు. కొందరు మాతోనే ఉండిపోయారు. మోకాళ్లు సహకరించినన్నాళ్లు మాస్టారు వచ్చారు. అన్న నాతో మాట్లాడలేదు. పెళ్లిళ్లకు పిలవలేదు. అది నాకు బాధే, కాదని అనను.

ఒకసారి రాజురా బజారులో కూరగాయలు కొంటుంటే ఎదురుపడ్డాడు. సైకిల్ మీద ఎరువు బస్తా పెట్టుకుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. తప్పుకుని పోతాడనుకున్నాను, పోలేదు.

"ఇంకా పోతున్నవా ఆడికి?"

"పోతున్ననన్నా."

"సిగ్గు లేదారా?"

"లేదు," అన్నాను.

ఆయన బస్తా సర్దుకుని సైకిల్ నెట్టుకుంటూ పోయాడు. నేను వంకాయలు తూకం వేయమన్నాను.