అవ్వ వండిన జొన్న గటక

మాది కేసముద్రం దగ్గర పల్లె. నాన్న వానకు పండే చెలకలో జొన్న వేసేవాడు. అమ్మను మేం ‘అవ్వా’ అని పిలిచేవాళ్ళం. పొద్దున్నే ఆమె జొన్నలను ఇసుర్రాయిలో రవ్వగా విసిరి గటక వండేది. పుల్లటి చల్ల పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినేవాళ్ళం. వరి అన్నం పండగపూటే.

డెబ్బైల చివర్లో నన్ను వరంగల్‌లో కిరాణం దుకాణం ఉన్న ఇంటికి ఇచ్చారు. అక్కడ ఏ పూటైనా మల్లెపూవులాంటి తెల్లన్నమే. మొదట సంబరపడ్డాను. నెల తిరక్కముందే పొట్ట రాయిలా గట్టిపడింది. దొడ్డికి పోవాలంటే ఏడుపొచ్చేది. కొత్త కోడల్ని, ఎవరితో చెప్పుకోను? కంచం ముందు కూర్చుంటే అవ్వ గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

ఓ రోజు నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే అత్తమ్మ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, “తల్లిగారింట్ల ఏం తినేదానివమ్మా?” అని అడిగింది. చెప్పాను.

“అండ్ల పీచు ఉంటది. పాలిష్ పట్టిన బియ్యంల ఏముంటది? మళ్ళ అదే పెట్టుండ్రి,” అంది. అత్తమ్మ ముఖం చిన్నబోయింది.

కబురు అందగానే అవ్వ జొన్నల మూటతో రైలెక్కి వచ్చింది.

“మా ఇంట్ల బియ్యానికి కరువొచ్చిందా వదినె? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?” అంది అత్తమ్మ.

“కరువెందుకుంటది వదినె! పిల్ల కడుపుకు ఇది అలవాటు. జర ఓర్సుకో,” అంది అవ్వ.

అత్తమ్మ వీధి తలుపు మూసేసింది. అవ్వ గటక వండింది. నేను ఆబగా తింటుంటే, ఏళ్ళ తరబడి మలబద్ధకానికి చూర్ణం మింగుతున్న మామయ్య పీట వాల్చుకుని కూర్చున్నాడు. “నాకు గూడ జరంత పెట్టమ్మా!” అన్నాడు అవ్వతో.

కొన్నాళ్ళకు నా నొప్పి పోయింది, ఆయన చూర్ణం మానేశాడు. ఆ తర్వాత అత్తమ్మ వీధి తలుపు బార్లా తీసిపెట్టి జొన్నలు చెరిగేది.

మన పేగుల్లో కంటికి కనబడని జీవులుంటాయనీ, పీచే వాటికి తిండి అనీ చాలా ఏళ్ళకు ఎక్కడో చదివాను. అయితే అప్పుడు అవ్వ మీద బెంగపడింది నేనొక్కదాన్నే కాదన్నమాట అనుకుని నవ్వుకున్నాను. కళ్ళు మాత్రం తడిశాయి.

ఎనభైల్లో మా ఊళ్ళో బోర్లు పడ్డాయి. చెలక కాస్తా వరి మడి అయింది. మొదటి వరి పంట ఇంటికొచ్చిన ఏడు నేను గటక మీద ఆశతో పుట్టింటికి వెళితే, అవ్వ కంచంలో తెల్లన్నం పెట్టింది.

“గటక వండలేదా అవ్వా?”

“ఇంకా గటకేంది బిడ్డా! మనకు గూడ తెల్లన్నం తినే రోజులొచ్చినయ్,” అంటూ నెయ్యి వేసింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ముద్ద మిగలకుండా కలుపుకుని తిన్నాను.

మరుసటి ఎండాకాలం అవ్వ పోయింది. ఇప్పుడు జొన్నరవ్వ ప్యాకెట్లలో దొరుకుతోంది. వండుకుంటాను, చల్ల పోసుకుంటాను. అవ్వ వండినట్టు కుదరదు.