తొమ్మిది నెలల లెక్క

మా అక్క భర్తకు బంగారుపాళ్యం దగ్గర తోతాపురి మామిడి తోట ఉండేది. వరసగా రెండేళ్లు, దగ్గరి పల్ప్ ఫ్యాక్టరీ వాళ్లు 'బయటి దేశాలవాళ్లు గుజ్జు కొనడం లేదు' అంటూ కాయ ధర దించేశారు. తోట కొట్టేద్దామా, ఇంకో ఏడు చూద్దామా అని బావ తేల్చుకోలేకపోయాడు. అప్పటికి చెట్ల నిండా పూత ఉంది.

"ఇన్నేండ్లు పేపర్లో రాసినావు కదబ్బా. వాళ్లు సెప్పేది నిజమో, మనకు టోపీ పెడతా ఉండారో సూసి సెప్పు. నువ్వెట్లంటే అట్ల" అన్నాడు.

చిత్తూరులో, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాను. మనం ఎంత పంపామో మన ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటుంది. ఎంత దిగిందో కొన్న దేశాలు తమ లెక్కల్లో రాసుకుంటాయి. ఏ సరుకు కోడ్ కింద గుజ్జు ఉందో పట్టుకోవడానికే రెండు రోజులు పట్టింది. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టాను. రెండూ డిసెంబరుతోనే ముగిశాయి. మన పట్టికలో ఎగుమతి బాగా పడిపోయింది, వాళ్ల పట్టికలో పడలేదు. ఇద్దరి మాటకూ పొంతన కుదరకపోతే వార్త ఆపాలని డెస్కులో కొత్తవాళ్లకు చెప్పినవాణ్ని నేనే. కిందటేడు పంపిన సరుకు ఓడలో ఆలస్యంగా చేరి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

"నిజమే బావా, తగ్గింది" అని ఫోన్లో చెప్పాను. వారం తిరక్కుండానే తోటలో రంపాలు దిగాయి.

ఎండలు ముదిరాక ఎందుకో మళ్లీ ఆ పట్టిక తెరిచాను. చివరి గడిలో అంకె పెరిగి ఉంది. వాళ్ల లెక్కల ఏడాది జనవరిలో, మనది ఏప్రిల్‌లో మొదలవుతుంది. నేను చూసింది తొమ్మిది నెలల సరుకు. దాన్ని కిందటేడు పన్నెండు నెలలతో పోల్చాను. మిగతా మూడు నెలలూ కలిశాక తగ్గిందేమీ లేదు.

స్కూటరు మీద వెళ్లాను. ఎప్పుడూ బండి నిలిపే మొదటి చెట్టు లేదు. ఎండలోనే పెట్టి, బావకు జరిగింది చెప్పాను. ఆయన ఒక మొద్దు మీద కూర్చుని విన్నాడు.

"ఆ మూడు నెల్లూ కలిపి సూసుంటే, ఉంచమనేవాడివా?"

"అనేవాణ్ని బావా."

లేచి పంచె దులుపుకున్నాడు.

"మీయక్కకు సెప్పబాక. ఆ చెట్లకు నీళ్లు మోసింది ఆయమ్మే. నన్నంటే తిట్టి ఊరుకుంటాది. నీ మీద మనసు ఇరిగితే నువ్వీడికి రాలేవు."

అక్క మజ్జిగ తెచ్చింది. "సూడు తమ్ముడా, మీ బావ తొందర! పూత మీదుండే చెట్లు కొట్టించినాడు. నిన్నన్నా ఒక మాట అడిగుంటే బాగుణ్ను."

నేను మజ్జిగ తాగేశాను.