మారని జాబితాలో ఒక నంబరు

పులివెందులలో ఇంటి నుంచే ప్రోగ్రాములు రాసే ఉద్యోగం నాది. ఉద్యోగంతో సంబంధం లేకుండా, రక్తదాతల కోసం ఒక చిన్న యాప్ కూడా రాశాను. మిత్రులం కొందరం పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగులలో దాతల పేర్లు సేకరించేవాళ్ళం. యాప్‌లో పేరు నొక్కితే ఫోన్ నంబరు వస్తుంది. అంతే.

మొదట్లో ఆ జాబితాను కోడులో ఎక్కడి నుంచైనా మార్చగలిగేలా రాశాను. ఒక తెర మీద ఓ నెగటివ్ వాళ్ళను మాత్రమే చూపడానికి మిగతావాళ్ళను తీసేస్తే, అన్ని తెరల మీదా వాళ్ళు మాయమయ్యేవారు. దాంతో ఇమ్యూటబుల్ మ్యాప్ అనే రకం జాబితాకు మారాను. అది ఒకసారి తయారయ్యాక మారదు. నంబరు మార్చమంటే పాతదాన్ని ముట్టుకోకుండా, ఆ మార్పుతో కొత్త జాబితా ఒకటి ఇస్తుంది. దాన్ని తీసుకుని పాతదాని స్థానంలో పెట్టుకోవాల్సింది మనమే. ఎవరూ దేన్నీ పాడుచేయలేరన్నది నాకు నచ్చింది.

జమ్మలమడుగులో బట్టలు కుట్టే ఒకాయనది ఓ నెగటివ్. కువైట్‌లో పనిచేసేటప్పుడు సెలవుకొచ్చి, అక్కడి నంబరుతోనే జాబితాలో చేరాడు. అక్కడి పని మానేసి తిరిగొచ్చాక ప్రొద్దుటూరులో రక్తదాన శిబిరం దగ్గర కలిశాడు.

"కువైట్ సిమ్ము పారేసినాప్పా. ఈ నంబరు రాసుకో," అన్నాడు. "ఆడ ఏసీలో కూర్చోని నా రక్తం సల్లబడింటాది. పనికొస్తాదా?"

"పొయ్యి మీద కాంచి ఎక్కిస్తాంలే మామా," అన్నాను.

ఆయన ఎదుటే యాప్‌లో నంబరు మార్చాను. 'మార్పు నమోదైంది' అని వచ్చింది. మళ్ళీ తెరిచి చూడలేదు.

కొన్ని నెలలకు ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రిలో మా అక్కకు గర్భసంచి ఆపరేషన్ చేశారు. మర్నాడు ఉదయం రక్తస్రావం మొదలై ఆగలేదు. అక్కదీ ఓ నెగటివే. దొరికిన రక్తమంతా ఎక్కించారు. ఇంకా కావాలన్నారు.

యాప్ తెరిచాను. ఆ గ్రూపు వాళ్ళు ముగ్గురే ఉన్నారు. పులివెందులావిడ పోయిన నెలే ఇచ్చింది. ఇంకొకాయనకు జ్వరం. జమ్మలమడుగాయన పేరు నొక్కితే కువైట్ నంబరే వచ్చింది. మళ్ళీ నొక్కాను. అదే. ఎన్నిసార్లు నొక్కానో తెలీదు.

బావ పక్కనే ఉన్నాడు. "ఎత్తుతాండాడా?"

"లేదు బావా. నేనే పోయి పిల్చుకొస్తా."

బండి మీద జమ్మలమడుగు వెళ్ళి, కుట్టు అంగళ్ళు ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. ఆయన దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. విషయం చెప్పగానే మిషన్ మీది గుడ్డ అలాగే వదిలేసి చెప్పులేసుకున్నాడు.

"ఫోన్ చేసింటే ఎప్పుడో వచ్చింటి గదప్పా. నంబరిచ్చినా గదా."

నేను బండి స్టార్ట్ చేశాను.

మేము వచ్చేసరికి బావ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపాడు. అక్క పోయి అరగంట అయిందట.

రక్తం ముందే అందివుంటే బతికేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేనన్నారు. ఆ జవాబుతో ఏం చేసుకోవాలో ఇప్పటికీ నాకు తెలీదు.

కర్మ అయ్యాక కోడు తెరిచాను. కొత్త దాతను చేర్చే చోట, అది ఇచ్చిన కొత్త జాబితాను తీసుకున్నాను. నంబరు మార్చే చోట తీసుకోలేదు. మార్చమని అడిగి, ఇచ్చినదాన్ని వదిలేసి, మార్పు నమోదైందని చూపించాను. ఆయన కొత్త నంబరుతో జాబితా నిజంగానే తయారైంది. పట్టుకునేవాళ్ళు లేక అది పోయింది. పాతది మారలేదు. మారకూడదనే నేను దాన్ని ఎంచుకున్నాను.

బావకు చెప్పాను. ఆయనకు ప్రోగ్రాములు తెలీవు. అంతా విన్నాడు.

"అంటే, ఆయప్ప ఇచ్చిన నంబరు రాసినావు."

"రాసినా."

"అది నిలబడలే."

"నేను నిలబెట్టలే బావా."

"అత్తకు చెప్పాకు," అన్నాడు.

చెప్పలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళతో అమ్మ, "వాళ్ళక్క కోసం వాడు తిరగని అంగడి లేదు మా," అంటుంది. నేను లేచి లోపలి గదిలోకి పోతాను. అక్కడికీ వినిపిస్తుంది.