అక్క కళ్లు మూయని ఫొటో

ఈ సంగతి నేను రాసిపెట్టడానికి కారణం మా అక్క. జరిగినదాన్ని ఆమె ఇప్పటికే చుట్టాలందరికీ ఫోన్లో చెప్పేసింది. చెప్పిన ప్రతిసారీ నా తెలివి కొంచెం తగ్గుతూ, ఆమె తెలివి కొంచెం పెరుగుతూ వస్తోంది. పోయిన వారం చెప్పినదాంట్లో కెమెరా ఎంచింది కూడా తనేనట, నేను సంచీ పట్టుకుని వెనక నడిచానట. ఇంకో నాలుగు ఫోన్లయితే ఈ కథలో నేను మిగలను. అందుకని జరిగింది జరిగినట్టు కాగితం మీద పెడుతున్నాను.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ని. ఆ తర్వాత తెలుసుకున్నదంతా నాంపల్లి వైపు ఒక గ్రంథాలయంలో చదివినదే. ఫ్యాను కింది కుర్చీ ఇంకెవరికీ దక్కకుండా తలుపు తీసే వేళకే వెళ్లి కూర్చునేవాణ్ని. ఫొటోగ్రఫీ కూడా అక్కడే, అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకంలో నేర్చుకున్నాను. లోపల వెలుతురు ఎలా వంగుతుందో, షట్టర్ అనే లోపలి తెర ఎంతసేపు తెరుచుకుంటుందో, చేతిలో కెమెరా లేకుండానే మూడేళ్లు చదివాను. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. అదే నన్ను ఎక్కడ బోర్లా పడేసిందో కూడా దాచకుండా రాస్తాను.

అక్కకు సుల్తాన్ బజార్లో జాకెట్ల లైనింగు గుడ్డలు, చీరల ఫాల్సు అమ్మే చిన్న దుకాణం ఉంది. పది ఎరుపు గుడ్డలు ముందేస్తే మీ చీరకు నప్పే ఎరుపేదో మెట్ల మీద నుంచే చెప్పగల కళ్లు ఆమెవి. ఆ కళ్లు ఒక్క ఫొటోలోనూ లేవు. తన పెళ్లిలో తలంబ్రాలు పోస్తూ మూసుకుంది. కొడుకు పెళ్లిలో అక్షింతలు వేస్తూ మూసుకుంది. ఆధార్ కార్డు కోసం నాలుగుసార్లు తీస్తే నాలుగోదాంట్లో ఒక కన్ను తెరుచుకుంది, అదే చాలన్నారు. చిన్నప్పుడు మమ్మల్ని స్టూడియోకి తీసుకెళ్తే ఆ ఫొటో తీసేవాడు, "కండ్లు ఆర్పినవో, ఫొటో ఖరాబ్" అని బెదిరించాడు. ఆ బెదురు ఇప్పటికీ పోలేదు. కెమెరా ఠక్‌మనే ముందు ఆమె ఊపిరి బిగబడుతుంది, మెడ నిలబడుతుంది, ఠక్‌మనేసరికి రెప్పలు పడిపోతాయి.

ఇదంతా ఇంట్లో నవ్వుకునే విషయంగానే ఉండేది, బావ పోయేదాకా. రెండేళ్ల కిందట ఆయన హఠాత్తుగా పోయినప్పుడు గోడకు పెట్టడానికి మంచి ఫొటో దొరకలేదు. గుర్తింపు కార్డు మీది చిన్న బొమ్మను పెద్దది చేయించి దండ వేశారు. బావ నవ్వకుండా ఐదు నిమిషాలు కూర్చోలేని మనిషి. గోడ మీద మాత్రం ఆయన ముఖం ఎవరో పక్కింటాయనదిలా ఉంటుంది.

"జర చూడు తమ్మీ," అని అక్క ఎన్నోసార్లు అంది. "నలభై ఏండ్లు నన్ను నవ్విచ్చిన మనిషి. ఇప్పుడు నేనేదో ఆయన చెప్పులు ఎత్తుకపోయినట్టు చూస్తుండు."

మొన్న వానాకాలం పోయాక అక్కకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. లక్డీకాపూల్ దగ్గరి దవాఖానలో ఆపరేషన్‌కు సోమవారం ఖాయం చేశారు. చిన్న ఆపరేషనే, రెండో రోజు ఇంటికి పోవచ్చు అన్నారు. అందరి ముందూ అక్క నవ్వుతూనే ఉంది. నన్ను మాత్రం దుకాణం వెనక్కి పిలిచి, గుడ్డల చుట్టల మధ్య నిలబడి చెప్పింది.

"నాకేమన్న అయిందనుకో, వీళ్లు ఆ ఒంటికన్ను ఆధార్ ఫొటోనే పెద్దగ చేపిస్తరు. దండేసి గోడకు పెడ్తరు. వచ్చినోళ్లందరు నేను కన్ను కొడుతున్న అనుకుంటరు. నాకది వద్దు. కండ్లు తెరిచి, నవ్వుకుంట, నా లెక్క ఉన్నది ఒక్కటి కావాలె. సోమారం లోపట."

"ఏం కాదక్కా, ఫికర్ చెయ్యకు."

"ఏం కాదని నాకెర్కే. ఫొటో తీస్తవా తియ్యవా?"

ఆమె గొంతులో నవ్వు ఉంది. చేయి మాత్రం నా మణికట్టును వదల్లేదు.

అప్పటికి నా దగ్గర ఉన్నది పెద్ద కెమెరా. మెడకు వేసుకుంటే మనిషి ముందుకు వంగుతాడు. దాన్ని కొన్నది రోజూ కళ్లబడే బతుకును ఫొటోలు తీయడానికి. తీరా చూస్తే దాన్ని బయటికి తీయగానే రోజూ ఉండే బతుకు పారిపోయేది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే ఆయన, నన్ను చూడగానే పుస్తకాలు వదిలేసి జుట్టు దువ్వుకునేవాడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్లమ్మే ఆమె నన్ను పేపర్ వాణ్ననుకుని, ఎదురుగా పొంగుతున్న మోరీ చూపించి, "గిది రాయి సారూ, గిది" అనేది. నాంపల్లి స్టేషన్ ముందు ఒకసారి ఒక పెద్దాయన ఏకంగా దరఖాస్తు చేతిలో పెట్టాడు. కాదని చెప్పినా వినలేదు. చదివి, అందులో రెండు తప్పులు దిద్ది ఇచ్చాను.

అందుకని ఆ వారమే దాన్ని మార్చి, అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా తెచ్చుకున్నాను. పెద్దదాంట్లో లోపల ఒక అద్దం ఉంటుంది, మీట నొక్కగానే అది పైకి లేచి కొట్టుకుంటుంది. ఇందులో ఆ అద్దం ఉండదు, అందుకే చిన్నది. ఇదంతా అక్కకు వివరంగా చెప్పాను.

"అద్దం లేకుంటె మొఖం ఏడ కనబడ్తది?" అంది అక్క. తర్వాత చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "నేను పని చెప్పిన్నాడే ఫిరంగి ఇచ్చేసి పిచికారి తెచ్చినవు గదరా. సబ్బుపెట్టె ఇంతకన్న పెద్దగుంటది."

శుక్రవారం దాన్ని గ్రంథాలయానికి తీసుకెళ్లాను. నా కుర్చీని, నా ఫ్యానును ఫొటో తీద్దామని. గురి కుదిరిన ప్రతిసారీ అది కీక్‌కీక్‌మని కూసింది. లైబ్రేరియన్ మేడం కళ్లజోడు మీద నుంచి చూసి, "ఇరవై ఏండ్ల సంది వస్తున్నరు. మీరే ఇట్ల చేస్తే ఎట్లండీ?" అన్నారు. చెవులు కాలిపోయాయి. గబగబా కెమెరాలోని సెట్టింగుల జాబితాలు తెరిచి, 'సైలెంట్' అన్నచోట నొక్కి, కీక్‌కీక్ ఆగిందని చూసుకుని, ఫొటో తీయకుండానే సంచిలో పెట్టేశాను. దానికి ముందు రోజే, తీసిన బొమ్మ వెంటనే వెనక స్క్రీను మీద కనబడే సదుపాయాన్ని కూడా ఆపేసి ఉన్నాను. తీసింది అప్పుడే చూడాలనే తొందర ఓపిక లేనివాళ్లదని నా పాత పుస్తకంలో ఉంది. కెమెరాతో వచ్చిన పుస్తకమా? విప్పలేదు. అంత లావు పుస్తకాలు చదివినవాడికి అదేం లెక్క అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం అక్కను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లాను. అక్కడి ఐస్‌క్రీం దుకాణాల ముందు నీడలో, మెత్తటి వెలుతురు పడుతుంది. డాక్టరు నూనె, నెయ్యి, మీగడ అన్నీ బంద్ చేశాడు. ఇంట్లో కోడలు డాక్టరు కంటే గట్టిది. నేనొక్కణ్నే సీతాఫలం ఐస్‌క్రీం తెచ్చుకుని కూర్చున్నాను. రెండో చెంచా నోట్లో పెట్టుకునేలోపు కప్పు అక్క చేతిలో ఉంది.

"అక్కా! డాక్టరు..."

"సోమారం ఎట్లయిన కోస్తుండ్రు గద. కోసేదానికి జర విలువ ఉండనియ్యి."

నేను కెమెరా ఎత్తాను. అక్క వెంటనే కప్పు దాచి, ఊపిరి బిగబట్టి, మెడ నిలబెట్టింది. మీట నొక్కాను. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాను. లేదు.

ఇక్కడ నా చదువు మొత్తం నా నెత్తిన పడింది. కెమెరా ఏదైనా సరే, ఫొటో పడాలంటే తెర కదలాలి, తెర కదిలితే చప్పుడు రావాలి. ఇది నాకు పుట పుటా గుర్తుంది. చప్పుడు రాలేదంటే తెర కదల్లేదు, తెర కదల్లేదంటే ఫొటో పడలేదు. కెమెరా చెడిపోయింది.

"అయిందా?" అంది అక్క, పెదవులు కదపకుండా.

"కాలె. ఇది పనిచేస్తలేదు."

అక్క ఊపిరి వదిలింది. కప్పు మళ్లీ బయటికి వచ్చింది. "నేను చెప్పలే? పిచికారి అని?"

"నువ్వట్లనే ఉండు, చూస్తున్న," అంటూ నొక్కుతూ పోయాను. మీట ఇరుక్కుందేమోనని గట్టిగా నొక్కాను. సన్నగానైనా వినిపిస్తుందేమోనని దాని ముందు చెవి పెట్టి నొక్కాను. వేడెక్కిందేమోనని ఊదాను. దులిపి, మళ్లీ అక్క వైపే తిప్పి నొక్కాను. అక్క పడీపడీ నవ్వుతోంది.

"ఇంకో జర ఊదు, దిష్టి తీసినట్టు. మిరపకాయలు తెమ్మంటవా? ఇరవై ఏండ్లు గా ఫ్యాన్ కింద కూసొని చదివింది ఇదేనారా? అరె, చెవి పెడ్తుండు సూడు! ఏమంటుంది, నీతోని మాట్లాడుతుందా?"

కప్పు ఖాళీ అయ్యాక అక్క నవ్వు కూడా ఆగింది. "అయితే సోమారం లోపట కాదన్నట్టే గద," అంది మామూలుగా. చెంచాను కప్పులో పెట్టి, కప్పును పక్కన పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ మామూలు మాట నేను తట్టుకోలేకపోయాను. వెంటనే ఆటో పిలిచాను.

ఆబిడ్స్‌లో ఒక మెట్ల దారి చివర కెమెరాలు బాగుచేసే పెద్దాయన కూర్చుంటాడు. నా పెద్ద కెమెరాను చాలాసార్లు శుభ్రం చేసిచ్చినవాడు. ఎదురుగా రెండు స్టూళ్ల మీద కూర్చున్నాం.

"ఏమైంది భాయ్?"

"చప్పుడు వస్తలేదు."

"చప్పుడు ఎందుకు? పెండ్లి బరాత్ తీస్తున్నవా?"

తెర, చప్పుడు, అట్ట ఊడిన పుస్తకం, అన్నీ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. అటుపైన కెమెరా తీసుకుని ఒక్క మీట నొక్కాడు. స్క్రీను మీద ఏదో చూశాడు. ఇంకోటి. ఇంకోటి. ఆయన గడ్డం వణకడం మొదలైంది. నవ్వు ఆపుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

"భాయ్, నీ పుస్తకం పాతది. ఇందుల తెర కదలకుండనే ఫొటో పడ్తది. సైలెంట్ నువ్వే పెట్టినవు. గీడ చూడు, ఎన్ని పడ్డయో." కెమెరాను మా వైపు తిప్పాడు. "ఇగో ఇవి తొమ్మిది నీ చెవివే. మంచిగ వచ్చినయి. ఎవరికన్న కావాల్నా?"

ఆ తొమ్మిది దాటితే అక్క ఉంది. మొదటి రెండింటిలో మెడ బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుని. ఆ తర్వాత అన్నిట్లో కళ్లు తెరిచే ఉంది. చప్పుడు రాకపోతే ఎప్పుడు మూయాలో ఆ రెప్పలకు తెలియలేదు. అసలు ఫొటో పడుతోందనే అనుకోలేదు కదా. ఒకదాంట్లో నన్ను తిడుతోంది. ఒకదాంట్లో చెంచాతో నా చెవి వైపు చూపిస్తోంది. ఒకదాంట్లో కప్పు గుండెకు హత్తుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి, పళ్లన్నీ కనబడేలా, నేరుగా మన కళ్లలోకి చూస్తూ నవ్వుతోంది.

అక్క కెమెరాను దగ్గరికి తీసుకుంది. చీర ఎరుపును, గుడ్డ ఎరుపును పోల్చి చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

"నా కండ్లు గిట్లుంటయా?" అంది చివరికి.

"ఔ."

"మీ బావ చెప్తుండె. నేను నమ్మలే." కొంగు ముఖానికి ఒత్తుకుంది. వెంటనే తేరుకుంది. "గా కప్పు తీసెయ్యి తమ్మీ. కోడలు చూస్తే ఆపరేషన్ కంటె ముందే కోస్తది."

కప్పు దగ్గర బొమ్మను కత్తిరించి చూశాం. చేయి పోయింది, భుజం వంపు పోయింది, నవ్వు ఎందుకో అర్థం కాకుండా అయింది. "వద్దు," అంది అక్క. "ఉండనియ్యి. కానీ సోమారం దాక ఇది మన ముగ్గురి మధ్యల."

సోమవారం ఆపరేషన్ బండి మీద లోపలికి తీసుకెళ్తుంటే నన్ను వేలితో పిలిచింది. వంగాను. "కప్పు హత్తుకున్నదే. చెంచాతోని ఉన్నది కాదు. గుర్తుందా?" అంది. గుర్తుందన్నాను. తలుపు మూసుకున్నాక ఆ కెమెరాను జేబులో పట్టుకుని నిలబడ్డ గంటన్నర గురించి నేనేమీ రాయను.

బయటికి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట, పెద్దగా చేయించావా అని. రెండో వారంలో తనే మేకు పెట్టించి, బావ పక్కన తన ఫొటో తగిలించింది. బావ ఇప్పుడు ఆమె ఐస్‌క్రీం కప్పును అనుమానంగా చూస్తున్నట్టు ఉంటాడు. తెలియక ఇంటికొచ్చిన ఒక చుట్టపాయన గోడ చూసి చేతులు జోడించాడు. అక్క వంటింట్లోంచి, "చాయ్‌ల చక్కెర ఎంత?" అని అడిగి ఆయన్ని అదరగొట్టింది. దండ కోసం ఫొటో పైన ఇంకో మేకు కూడా ఆమే కొట్టించింది, తర్వాత ఎవరూ వంకరగా కొట్టకుండా. ప్రస్తుతం దానికి దుకాణం తాళంచెవులు వేలాడుతున్నాయి.

సాయం చేసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది. కానీ పేర్లు రాస్తే ఐస్‌క్రీం సంగతి డాక్టరు దాకా పోతుందని అక్క ఒప్పుకోలేదు. కాబట్టి ఎవరికి వారే గుర్తుపట్టుకోవాలి. నన్ను గదమాయించి ఈ పని అయ్యేలా చేసిన లైబ్రేరియన్ మేడానికి. నా చెవి ఫొటోల్లో ఒకదాన్ని అడిగి తీసుకుని దుకాణంలో అతికించుకున్న మెట్లమీది పెద్దాయనకు. అడక్కుండానే అక్కకు ఇంకో చెంచా ఇచ్చిన ఐస్‌క్రీం దుకాణం ఆయనకు. అన్నీ తెలిసీ, ఫొటో కింద రోజూ ధూళి తుడుస్తూ, కప్పు గురించి ఇంతవరకు ఒక్క మాట అడగని కోడలికి. చివరగా అక్కకు. ఇది చదివి వినిపిస్తే, అంతా బాగుంది గానీ కెమెరా ఎంచింది నేనేనని రాయలేదేమని అడిగింది.