అమావాస్య నాటి నిండు చంద్రుడు

కుర్చీలాయనకు చూపు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అంతకు ముందు లారీ నడిపేవాడు. ఒకనాడు బండి బ్యాటరీ ముఖాన పేలింది, అంతే. చేతులు కట్టుకుని కూర్చోవడం చేతకాని మనిషి కాబట్టి పాత కుర్చీలకు వైరు అల్లడం నేర్చుకున్నాడు. వీధి వాళ్ళు అసలు పేరు మరిచిపోయి కుర్చీలాయన అనే పిలుస్తారు.

కళ్ళు పోయినా ఆయనకు చంద్రుడి మీద మమకారం పోలేదు. లారీ రోజుల్లో దారి పొడుగునా తోడు చంద్రుడే మరి. అందుకే పొద్దు వాలాక మేడ మెట్ల మీద భార్య పక్కన కూర్చుని, ఇవాళ ఎక్కడున్నాడని అడిగేవాడు. ఆవిడ చూసి చెప్పేది. సన్నగా పడమట ఉన్నాడనో, సగమై నడినెత్తికి వచ్చాడనో, పున్నమి అయితే తూర్పున మిద్దెల వెనక నుంచి లేస్తున్నాడనో. ఆ నాలుగు మాటలు చాలు, ఆయనకు ఆకాశమంతా కళ్ళకు కట్టేది.

ఏడాది కిందట ఒక సాయంత్రం లెక్క తప్పింది. పున్నమి వెళ్ళి అప్పటికి నాలుగు రోజులు. తూర్పున లేచాడండీ, నిండుగా ఉన్నాడు అందావిడ. కుర్చీలాయన మీసాల్లో నవ్వుకున్నాడు. పున్నమి దాటాక చంద్రుడు రోజురోజుకూ ఆలస్యంగా లేస్తాడు; నాలుగో నాటికి భోజనాలయ్యాక గానీ మొహం చూపించడు. ఇంకొన్నాళ్ళు పోతే పొద్దున పూట, పగటి వెలుగులో వెలవెలబోతూ కనిపించాల్సిందే తప్ప, సాయంత్రం ఎంత వెతికినా దొరకడు. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు బండి తోలినవాడికి ఇది ఒకరు చెప్పాలా? ఆవిడ తల ఎత్తి కూడా ఉండదనుకున్నాడు. ఆవిడ ధ్యాసంతా ఎప్పుడూ పొయ్యి మీది పాల మీదే. పోనీలే, పెళ్ళాం వడ్డించిన చంద్రుణ్ణి కాదనడమెందుకని ఊరుకున్నాడు.

అప్పటినుంచి నెలలో ఏ రోజు అడిగినా తూర్పున నిండు చంద్రుడే. మొదట్లో ఆయనకు సరదాగానే ఉండేది. పోగా పోగా మనసు చివుక్కుమనసాగింది. గుడ్డివాణ్ణి కదా అని, చంటిపిల్లాడికి చందమామను చూపి గోరుముద్దలు పెట్టినట్టు నన్ను మాయ చేస్తోందా అనుకున్నాడు. ఆ మధ్యనే అన్నంలో రాళ్ళు పంటికి తగలడం మొదలైంది. ఆవిడ చేతిలోంచి గిన్నెలు జారుతున్నాయి, గడప కాలికి తగులుతోంది. అవన్నీ వయసు ఖాతాలో వేసేశాడు మహానుభావుడు.

మొన్నటి అమావాస్య నాడు ఇక తేల్చుకుందామనుకుని, ఎలా ఉన్నాడే అని అడిగాడు.

"నిండుగా ఉన్నాడండీ."

ఒళ్ళో ఏ చిక్కుడుకాయలో పెట్టుకుని, తల వంచుకునే చెబుతోందని ఆయన నమ్మకం. అబద్ధాన్ని చేత్తోనే పట్టుకుందామని ఆమె గడ్డం కోసం చెయ్యి చాచాడు. ఉండాల్సిన చోట గడ్డం లేదు. తల వెనక్కి వాలి ఉంది. మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. చెయ్యి ఇంకా పైకి జరిపితే కనుబొమలు ముడిపడి, రెప్పలు విప్పారి తగిలాయి. ఆమె చూస్తోంది. ఒంట్లో ఉన్న శక్తినంతా కూడదీసుకుని, లేని చంద్రుడి కోసం ఆకాశమంతా వెతుకుతోంది.

"నీకు కనబడటం లేదు కదే," అన్నాడు.

ఆయన చేతి కిందే ఆవిడ తల దించుకుంది.

"పక్కలన్నీ నల్లబడిపోయాయండీ. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. మీకు నా కళ్ళే దిక్కు. అవీ పోతున్నాయని ఏ నోటితో చెప్పను?"

మర్నాడే కంటి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి నీటికాసులు, అంటే గ్లాకోమా అని తేల్చింది. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కల మందు క్రమం తప్పకుండా వేస్తే మిగిలిన కాస్తా నిలబెట్టుకోవచ్చు అంది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే, ఈ మధ్యనేనని ఆవిడ గొణిగింది. కాదు, ఏడాదైందన్నాడు కుర్చీలాయన. అప్పుడే తీసుకొచ్చి ఉంటే చాలా చూపు దక్కేదని చీటీ రాస్తూ మామూలుగానే అంది డాక్టరమ్మ. ఆయన కూర్చున్న చోటే కుంగిపోయాడు.

బయట వరండాలో ఆవిడ ఆగింది. ఏడాదని మీకెలా తెలుసు అని అడిగింది. పున్నమి వెళ్ళిన నాలుగో నాటి సంగతి ఆయన చెప్పాడు.

"అయితే నాది అబద్ధమని అప్పుడే తెలుసా మీకు?"

"తెలుసు."

"మరి అడగలేదేం?"

చెప్పడానికి మంచి మాటలు లేకపోలేదు. నువ్వు నొచ్చుకుంటావని అనొచ్చు, నీ మీద నమ్మకమని అనొచ్చు. ఆవిడ పాపం నమ్మేది కూడా.

"నవ్వుకున్నానే," అన్నాడు.

ఆవిడ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆసుపత్రి మెట్లు ఎక్కడ మొదలయ్యాయో ఆమెకూ సరిగ్గా కనబడక, ఇద్దరూ కాళ్ళతో తడుముకుంటూ ఒక్కో మెట్టూ దిగారు.